సముద్రం మీద మన ఆడపిల్ల

గత నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం మస్జిదు మెట్లు దిగుతున్నారు. బాపట్ల దగ్గర మోటారు మెకానిక్ షాపు నడిపే ఒక పాత పరిచయస్తుడు మా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకువెళ్లారు. ఆయన పెద్దకూతురు మా దగ్గరే అలిఫ్, బే నేర్చుకుంది. పదకొండో ఏట ఖురాన్ పారాయణం పూర్తిచేసి వీధంతా మిఠాయి పంచింది. ఇప్పుడు ఇంజనీరింగు చదువు ముగించి ఇంట్లో ఉంది.

“ఉస్తాద్, పిల్ల నేవీకి దరఖాస్తు పెట్టింది. ఆఫీసరు ఉద్యోగమట. ఎంపికైతే ఓడ మీద ఉండాలట. మీరు వద్దంటే మాన్పిస్తాను. సరేనంటే పంపిస్తాను” అన్నారాయన.

జకాత్ లెక్క గురించో, నికాహ్ షరతుల గురించో అడిగితే మాకు జవాబు నాలుక మీదే ఉంటుంది. ఓడ గురించి మాకేం తెలుసు? తెలియని దాన్ని హరామ్ అనటమూ తప్పే, హలాల్ అనటమూ తప్పే. ఆ మాటే ఆయనతో అన్నాం. “మీరు ఎరగకపోతే ఎవరు ఎరుగుతారు ఉస్తాద్?” అని ఆయన తిరగవేశారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పదిహేనేళ్ల కిందట ఇటువంటి ప్రశ్నే మరో తండ్రి అడిగారు. ఆయన కూతురికి నర్సింగులో సీటు వచ్చింది. ఆసుపత్రి ఎలా ఉంటుందో, హాస్టలు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడకుండా మేము ‘వద్దు’ అన్నాం. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్లకు మా తల్లిగారు జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. స్నానం చేయించటానికి ఆడ నర్సే కావాలని పట్టుబట్టింది మేమే. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ మాసిపోలేదు.

అందుకే ఈసారి ముందు చూసి, విని, తర్వాత మాట్లాడదామనుకున్నాం. తండ్రిని, పిల్లను వెంటబెట్టుకుని విశాఖపట్నం బయలుదేరాం. అక్కడ నౌకాదళంలో పదిహేనేళ్లు పనిచేసి పెట్టీ ఆఫీసరుగా రిటైరైన ఒక సోదరుడున్నారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆయన తమకు తెలిసిన ఒక యువ మహిళా ఆఫీసరును మాతో మాట్లాడించారు. తెలుగమ్మాయే. మన మతస్తురాలు కాదు. తన పేరు గానీ, ఓడ పేరు గానీ పత్రికలో రాయకూడదని షరతు పెట్టారు. ఆ షరతుకు కట్టుబడే ఇది రాస్తున్నాం.

మొదటి రోజు, మొదటి రాత్రి

ఆమె దగ్గరకు వెళ్లేముందు మా మిత్రుడు మమ్మల్ని ఆర్.కె. బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామికి తీసుకువెళ్లారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఓడ అది. పొడవు 91 మీటర్లు. లోపల నడిచే దారిలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి. పడకలు మన ఇళ్లలో సామాన్లు పెట్టుకునే అటకల్లా ఉన్నాయి. మెకానిక్ గారు మాత్రం యంత్రాల గది చేరేసరికి అన్నీ మరచిపోయి, ఆ డీజిల్ ఇంజన్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. కూతురు ఒక్కో గొట్టాన్నీ వేలితో చూపిస్తూ తండ్రికి చెబుతోంది. ఆ ఇద్దరినీ చూస్తుంటే ఈ పిల్లకు ఈ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థమైంది.

“ఇది జలాంతర్గామి మౌల్వీ సాబ్, పైన తిరిగే ఓడలు ఇంత ఇరుకుగా ఉండవు” అన్నారు మా మిత్రుడు. అయినా ఇరుకే అని సాయంత్రం ఆ ఆఫీసరు మాటల్లో తెలిసింది.

ఓడ ఎక్కిన మొదటి రోజు ఆమెకు గుర్తున్నది మోకాలి కింద దెబ్బలేనట. ఓడలో తలుపులకు గడపలు ఎత్తుగా ఉంటాయి. ఒక గదిలోకి నీరు వస్తే పక్క గదిలోకి పోకుండా తలుపు బిగించటానికి ఆ ఏర్పాటు. కాలు ఎత్తి దాటటం అలవాటయ్యేదాకా రోజూ తగలవలసిందే. మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. చేతిలో ఏమున్నా ఒక చెయ్యి కమ్మీ మీదే ఉండాలి. అంతా ఒకే రంగు గోడలు, ఒకే రకం తలుపులు. మూడు రోజులపాటు తన గదికి తానే దారి అడిగి వెళ్లారట. తలుపుల మీద అంతస్తును, స్థానాన్ని చెప్పే అంకెలు, అక్షరాలు ఉంటాయి. అవి చదవటం వచ్చాక ఓడ ఊరులా తెలిసిపోయిందట.

“మొదటి రాత్రి నిద్రపట్టలేదు అంకుల్. గాలి గొట్టాల హోరు, యంత్రాల మోత. నెల తిరిగేసరికి ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. ఆగిందంటే ఏదో జరిగిందన్నమాట” అని మెకానిక్ గారితో నవ్వుతూ అన్నారు.

తర్వాత సముద్రపు తిప్పుడు. ఇది కొత్తవారికే కాదు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారికీ వస్తుందట. కడుపు ఖాళీగా ఉంచకూడదు, ఎండు రొట్టె ముక్కో బిస్కెట్టో నములుతూ ఉండాలి, వీలైతే పైకి వచ్చి దూరాన ఆకాశం, నీరు కలిసే గీత వైపు చూడాలి. వాంతి చేసుకుంటూనే డ్యూటీ చేశారట. సెలవు అడగలేదా అంటే, “నడిసముద్రంలో సెలవు పెట్టి ఎక్కడికి పోతాను సార్?” అన్నారు.

ఆమె గది మరో మహిళా ఆఫీసరుతో కలిసి. కింద ఒక పడక, పైన ఒక పడక, రెండు అలమారలు, మడిచి పెట్టుకునే బల్ల. స్నానాల గది వారికి వేరు. పొద్దున్న ఈలతో, మైకులో పిలుపుతో నిద్ర లేవటం, శుభ్రం చేసుకోవటం, నాస్తా, వరుసల్లో నిలబడి ఆనాటి పని తెలుసుకోవటం. మర్నాడు ఎవరు ఏం చేయాలన్నది ముందురోజు సాయంత్రమే కాగితం మీద రాసి పెడతారు. ఆమెది లాజిస్టిక్స్ శాఖ. అంటే ఓడలో మేకు నుంచి బియ్యం బస్తా దాకా లెక్క ఆమెది. కూరగాయలు వారం పది రోజులు నిలుస్తాయి. ఆ తర్వాత ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, పప్పు. రేవుకు చేరటం రెండు రోజులు ఆలస్యమవుతుందని తెలిస్తే ఆమె గుండెల్లో గుబులు మొదలవుతుందట. “ఇంట్లో నలుగురికి సరిపోక ఐదో మనిషి వస్తేనే అమ్మీ కంగారుపడుతుంది” అని మా అమ్మాయి అంది.

పెద్ద ఓడల్లో ఈ లెక్క ఏ స్థాయిలో ఉంటుందో విక్రమాదిత్యను చూస్తే తెలుస్తుంది. 2013లో మన నౌకాదళంలో చేరిన ఈ విమానవాహక నౌక పొడవు 284 మీటర్లు, అంతస్తులు 22, అందులో 1,600 మందికి పైగా మనుషులు. నెలకు దాదాపు లక్ష గుడ్లు, 20,000 లీటర్ల పాలు, 16 టన్నుల బియ్యం కావాలని నౌకాదళమే ప్రకటించింది. సముద్రపు నీటి నుంచి రోజుకు 400 టన్నుల మంచినీరు తయారుచేసుకునే యంత్రాలు అందులో ఉన్నాయి. మన చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వస్తున్న సంగతి గుర్తొచ్చి మేము నిట్టూర్చాం.

చిన్న ఓడల్లో అంత వైభోగం లేదు. నీళ్లకు వేళలుంటాయి. ఒంటి మీద నీళ్లు పోసుకుని, కుళాయి కట్టి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పటం. ఇది విన్నప్పుడు మాకు ఒక హదీసు జ్ఞాపకం వచ్చింది. సముద్ర ప్రయాణం చేసేవారు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, తాము మంచినీరు కొద్దిగానే వెంట తీసుకువెళతామని, దానితో వజూ చేస్తే దాహంతో అల్లాడాల్సి వస్తుందని, సముద్రపు నీటితో వజూ చేసుకోవచ్చా అని అడిగారు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదేనని, అందులో చచ్చినది కూడా ధర్మసమ్మతమేనని ఆయన (స) జవాబిచ్చారు. ఒక్క వాక్యంతో నీళ్ల చిక్కు, తిండి చిక్కు రెండూ తీర్చారు. మన హనఫీలు ఆ రెండో మాటను చేపలకు పరిమితం చేస్తారు.

మా దాదీ 1970లలో బొంబాయి నుంచి మొగల్ లైన్ ఓడలో హజ్‌కు వెళ్లారు. తోటి ఆడవారు ఉప్పునీటితో వజూ చేసి ముఖం చర్రుమంటోందని నవ్వుకునేవారని చెప్పేవారు. ఆ ఓడల హజ్ 1995తో ముగిసింది. మన ఇళ్లలోని ముసలి ఆడవారికి సముద్రం తెలుసు. మనకే తెలియకుండా పోయింది.

అర్ధరాత్రి కాపలా

ఆఫీసరు చెప్పినవాటిలో మమ్మల్ని ఆలోచనలో పడేసినది కాపలా. ఇరవైనాలుగు గంటలను నాలుగేసి గంటలుగా పంచుకుని కాపలా కాస్తారు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఒకటి. నాలుగు నుంచి ఎనిమిది దాకా మరొకటి. సాయంత్రం పూట మాత్రం నాలుగు గంటల కాపలాను రెండు ముక్కలు చేస్తారు. లేకపోతే రోజూ అదే మనిషికి అదే అర్ధరాత్రి వస్తుంది. ఆ ముక్కలను ‘డాగ్ వాచ్’ అంటారట. కుక్కకు దీనితో ఏం సంబంధమో మా మిత్రుడికీ తెలియదు.

ఓడను నడిపే చోటును బ్రిడ్జి అంటారు. రాత్రి అక్కడ దీపాలుండవు. చీకటికి కళ్లు అలవాటుపడాలి కనుక పటాలు చూడటానికి సన్నని ఎర్ర వెలుతురు మాత్రమే వాడతారు. దూరాన మినుకుమనేది చేపల పడవా, సరుకుల ఓడా, నక్షత్రమా అన్నది పోల్చుకోవాలి. మన తీరంలో మత్స్యకారుల పడవల్లో కొన్నిటికి సరైన దీపం కూడా ఉండదు. కెప్టెన్ నిద్రపోతున్నప్పుడు కాపలా ఆఫీసరుదే ఓడ. అందరి ప్రాణాలూ ఆ ఒక్కరి కళ్ల మీద ఉంటాయి. పాతికేళ్ల పిల్లలు చేసే పని ఇది. ఆ స్థాయికి రావటానికి నెలల తరబడి పెద్దల పక్కన నిలబడి నేర్చుకుని, పరీక్షలో నెగ్గి, ధ్రువపత్రం పొందాలి.

నూనె ఓడ మీద పనిచేసినవారు మరో సంగతి చెబుతారు. ఇటలీలో తయారై 2011లో మన నౌకాదళంలో చేరిన శక్తి అటువంటిది. అది తూర్పు నౌకాదళానిదే. నడిసముద్రంలో మరో యుద్ధనౌక పక్కకు వచ్చి సమానవేగంతో నడుస్తుంటే తాడు విసిరి, గొట్టాలు కలిపి నూనె అందిస్తారు. రెండు కొండలు పక్కపక్కన పరుగెడుతున్నట్టు గంటలకొద్దీ సాగాలి. ఎవరి చెయ్యి కొంచెం వంకరపోయినా ఢీకొనటమే.

మంట రేగితే ఏం చేయాలి, నీరు చొరబడితే ఏం చేయాలి, మనిషి నీటిలో పడితే ఏం చేయాలి అన్నవి వేళాపాళా లేకుండా సాధన చేయిస్తారు. ఓడకు ఫైరింజన్ బయటినుంచి రాదు కదా. వంటవాడైనా, ఖాతాలు రాసే ఆఫీసరైనా, మగవారైనా, ఆడవారైనా గొట్టం పట్టుకోవలసిందే.

“మరి నమాజు?” అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు మా మిత్రుడు జవాబు చెప్పారు. ఓడలో ఖిబ్లా కనుక్కోవటం ఊళ్లోకన్నా సులువట. దిక్సూచి ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది. విశాఖ దగ్గర అది పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకూ చిక్కులేదు. ఓడ దీపాలు వెలిగించటానికి ఏ రోజుకారోజు సూర్యాస్తమయం లెక్కవేస్తారు, అది అడిగి తెలుసుకునేవారట. సహరీకి వంటవాడొకరు రాత్రి రొట్టెలు మూతపెట్టి ఉంచేవారట. ఆయన హిందూ సోదరుడు. ఈద్ నాడు ఆయనకే మొదట సేమియా పెట్టేవారట. మాంసం మాత్రం హలాలో కాదో తెలియదు కనుక పదిహేనేళ్లు పప్పు, గుడ్లు, చేపలతో గడిపానన్నారు.

మన ఫుఖహా ఓడను మరచిపోలేదు. ఓడ తిరిగితే నమాజు చేసేవారు కూడా ఖిబ్లా వైపు తిరగాలన్నారు. నడిచే ఓడలో తల తిరగటం సాధారణమే కనుక కూర్చుని నమాజు చేయవచ్చని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్నారు. తగిన కారణం లేనిదే కూర్చోరాదని ఆయన శిష్యులిద్దరూ, ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్, విభేదించారు. నాలుగు రకాతులను రెండుగా ఖస్ర్ చేసే వెసులుబాటు ప్రయాణీకుడికి ఉండనే ఉంది. ఇంకో మాట కూడా ఫిఖ్ గ్రంథాల్లో ఉంది. ఎవరైనా నీటిలో మునిగిపోతుంటే నమాజు మధ్యలో వదిలి అయినా కాపాడాలి. అర్ధరాత్రి బ్రిడ్జి మీద నిలబడే మనిషికి ఈ మస్‌అలా మనకన్నా బాగా అర్థమవుతుందేమో.

ఉమ్మె హరామ్ (రజి)

ఆ రాత్రి మేము మా మిత్రుడి ఇంట్లో ఉన్నాం. ఆడవారు లోపల, మేము వరండాలో. మెకానిక్ గారు చాలాసేపు మౌనంగా ఉండి, “మన చరిత్రలో ఆడది ఓడ ఎక్కిందా ఉస్తాద్?” అన్నారు. అప్పుడు హజ్రత్ ఉమ్మె హరామ్ బిన్తె మిల్హాన్ (రజి) వృత్తాంతం చెప్పాం. సహీహ్ బుఖారీలో ఉన్నదే. తెలియని పాఠకుల కోసం ఇక్కడ కూడా చెబుతాం.

ఆమె మదీనా అన్సారీ మహిళ. హజ్రత్ అనస్ (రజి)కు పినతల్లి, హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి)కు భార్య. ఒకనాడు దైవప్రవక్త (స) ఆమె ఇంట్లో భోజనం చేసి కునుకు తీశారు. చిరునవ్వుతో లేచారు. ఎందుకని ఆమె అడిగితే, తన సమాజంలోని కొందరు సింహాసనాల మీది రాజుల్లా సముద్రం మీద సాగిపోతున్నట్టు తనకు చూపబడిందన్నారు. ఆమె వెంటనే, తనను కూడా వారిలో చేర్చమని ప్రార్థించండని కోరారు. ఆయన (స) ప్రార్థించి మళ్లీ నిద్రపోయి, మళ్లీ నవ్వుతూ లేచి, అదే సంగతి చెప్పారు. ఆమె మళ్లీ అదే కోరారు. నీవు మొదటి జట్టులోనే ఉన్నావని ఆయన (స) అన్నారు.

చాలా ఏళ్లు గడిచాయి. హజ్రత్ ఉమర్ (రజి) ముస్లిం సైన్యాన్ని సముద్రం మీదికి పంపటానికి ఒప్పుకోలేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో, ఎవరినీ బలవంతపెట్టకూడదన్న షరతుతో అనుమతి దొరికింది. హిజ్రీ 28 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 648-49లో, హజ్రత్ ముఆవియా (రజి) నాయకత్వంలో ఓడలు సైప్రస్ ద్వీపానికి సాగాయి. ఉమ్మె హరామ్ (రజి) భర్తతో కలిసి అందులో ఉన్నారు. హజ్రత్ ముఆవియా భార్య కూడా ఉన్నారు. సముద్రం దాటాక, వాహనం మీద నుంచి జారిపడి ఉమ్మె హరామ్ (రజి) కన్నుమూశారు. సైప్రస్‌లో లార్నకా పట్టణం పక్కన ఉప్పు సరస్సు ఒడ్డున ఆమెదిగా చెప్పే సమాధి, దాని పక్కన మస్జిదు నేటికీ ఉన్నాయి. హాలా సుల్తాన్ తెక్కే అంటారు.

తర్వాతి కాలాల్లోనూ ముస్లిం మహిళలు సముద్రం మీద పేరు తెచ్చుకున్నారు. సుమత్రా ద్వీపంలోని అచే సుల్తాను రాజ్యంలో మలహయాతి అనే ఆమె నౌకాసేనాని. 1599లో డచ్చి నావికులతో జరిగిన పోరులో వారి నాయకుడు కార్నెలిస్ డి హౌట్‌మన్ ప్రాణం పోయింది. ఇండోనేషియా ప్రభుత్వం 2017లో ఆమెను జాతీయ వీరులలో చేర్చింది. మన కేరళ తీరంలో పోర్చుగీసువారిని ఎదిరించిన కుంజాలి మరక్కార్లు మగవారే అయినా మనవారే కనుక చెప్పుకోవాలి. ముంబైలో నౌకాదళ స్థావరం ఒకటి వారి పేరు మీదే ఉంది.

మెకానిక్ గారు అంతా విని, “ఆమె వెంట భర్త ఉన్నాడు కదా ఉస్తాద్” అన్నారు. నిజమే. చదువుకోని వాడని మనం అనుకునే మనిషి సరిగ్గా ముడి దగ్గరే వేలు పెట్టారు. ఈ హదీసు చూపి మహ్రమ్ ప్రశ్న తీరిపోయిందనేవారు ఆ భర్తను మరచిపోతారు. ఆడదానికి సముద్రంతో పనేమిటనేవారు ఆమె రెండుసార్లు అడిగిన కోరికను మరచిపోతారు.

ఆడవారికి ఈ తలుపు తెరుచుకున్న తీరు

మన దేశంలో నౌకాదళం 1992లో మహిళా ఆఫీసర్లను తీసుకోవటం మొదలుపెట్టింది. విద్య, న్యాయం, లాజిస్టిక్స్ వంటి శాఖల్లో, అదీ నేల మీద. 1990ల చివర జ్యోతి అనే నూనె ఓడ మీద కొందరిని ఉంచి చూసి, మళ్లీ ఆపేశారు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు మహిళా ఆఫీసర్లకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని తీర్పు చెప్పింది. రష్యా నుంచి వచ్చిన ఓడల్లో ఆడవారికి వేరుగా స్నానాల గదులు లేవన్నది కోర్టులో ప్రభుత్వం తరఫున చేసిన వాదనల్లో ఒకటి. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే నలుగురు మహిళా ఆఫీసర్లను ఓడల మీదికి పంపారు. వారిలో ఇద్దరు వెళ్లింది రష్యా నుంచి వచ్చిన విక్రమాదిత్య మీదికే! మిగతా ఇద్దరు మన విశాఖ శక్తి మీదికి. 2023లో లెఫ్టినెంట్ కమాండర్ ప్రేరణ దేవస్థలీకి త్రింకట్ అనే నౌక నాయకత్వం అప్పగించారు. అదే ఏడాది మార్చిలో ఒడిశాలోని చిల్కా శిక్షణ కేంద్రం నుంచి 273 మంది అమ్మాయిలు అగ్నివీరులుగా బయటికి వచ్చారు. ఇంజనీరింగు శాఖ తలుపు కూడా ఇప్పుడు అమ్మాయిలకు తెరిచే ఉంది.

అంతకు ముందే, 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా ఆఫీసర్లు 17 మీటర్ల తెరచాప పడవ తారిణిలో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి, 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువారు. ఈ సంగతి మా అమ్మాయికి పొల్లుపోకుండా తెలుసు. ఏ రేవులో ఎన్నాళ్లు ఆగారో కూడా చెప్పగలదు.

తల మీది గుడ్డ

మర్నాడు మళ్లీ ఆ ఆఫీసరును కలిశాం. ఈసారి పిల్ల తానే అడిగింది, “యూనిఫామ్‌లో స్కార్ఫ్ కట్టుకోనిస్తారా అక్కా?” అని.

ఆమె దాచలేదు. డ్యూటీలో తలకు నౌకాదళం టోపీయే, మరేదీ ఉండదన్నారు. ఓడ మీద రోజువారీ పనికి చొక్కా, పంట్లాం, బూట్లు. ఒళ్లు కప్పే ఉంటుంది. తల మాత్రం మన పద్ధతిలో ఉండదు. “నీకు అది ముఖ్యమైతే విశాఖలోనే నౌకాదళానికి పరిశోధనలు చేసే ఎన్.ఎస్.టి.ఎల్. ఉంది. సివిల్ ఉద్యోగాలు. యూనిఫామ్ ఉండదు. అది కూడా ప్రయత్నించు” అని సలహా ఇచ్చారు.

మా అమ్మాయి ఏడో తరగతి నుంచి హిజాబ్ ధరిస్తోంది. ఎవరి బలవంతమూ లేదు. ఆ జవాబు విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రైలెక్కాక మమ్మల్ని అడిగింది. తల కప్పుకోవటం విధి అని మేము నమ్ముతాం, ఆ మాటే చెప్పాం. అది లేదని చెప్పే అధికారం మాకు లేదు. హనఫీ ఫిఖ్‌లో మూడు రోజుల ప్రయాణానికి, మన ఉలమా లెక్కలో 48 మైళ్లకు, మహ్రమ్ తోడు కావాలన్నదీ చెప్పాం. షాఫయీ, మాలికీ ఉలమా దారి భద్రంగా ఉండి, నమ్మకమైన ఆడవారు వెంట ఉంటే ఫర్జ్ హజ్‌కు వెళ్లవచ్చన్నదీ చెప్పాం. స్త్రీ ఒంటరిగా హీరా నుంచి కాబా దాకా అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా వెళ్లే రోజు వస్తుందని దైవప్రవక్త (స) హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)తో చెప్పిన హదీసునూ చెప్పాం. 2018 నుంచి మన దేశపు స్త్రీలు మహ్రమ్ లేకుండా జట్టుగా హజ్‌కు వెళుతున్న సంగతి ఆమెకే తెలుసు. మేము ముఫ్తీలం కాము, ఫత్వా దారుల్ ఇఫ్తా నుంచి రాయించుకోమన్నాం.

ఇంకో మాట తండ్రితో అనకుండా ఉండలేకపోయాం. మన పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో ఉన్నారు. బెంగళూరులో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. గల్ఫ్‌లో ఇళ్లలో పనికి పేద ఇంటి ఆడవారు ఒంటరిగా విమానమెక్కుతున్నారు. వారి గురించి 48 మైళ్ల లెక్క అడగటానికి ఏ జుమా నాడూ ఎవరూ మా చెయ్యి పట్టుకోలేదు. గౌరవం, పెన్షను, అధికారం ఉన్న ఉద్యోగం వచ్చినప్పుడే మనకు మస్‌అలా గుర్తొస్తుందేమిటి?

“ఆ ఉద్యోగాలు ఎవరికీ కనబడవు ఉస్తాద్. ఇది ఫోటోతో సహా పేపర్లో వస్తుంది” అన్నారాయన. ఆయన నవ్వుతారనుకున్నాం. నవ్వలేదు. “రేపు సంబంధం చూసేవాడు ఓడలో మగవాళ్ల మధ్య ఉన్నపిల్ల అంటాడు. వాడి నోరు నేను ఎలా మూయాలి?” అన్నారు.

పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే, “అబ్బా, ఆ అక్క ఉన్న చోట ఎప్పుడూ మూడో మనిషి ఉంటాడు. తలుపు వేసుకుని ఒంటరిగా ఉండే చోటే లేదట ఓడలో. మన కాలేజీ ల్యాబులో కన్నా నయం” అంది. ఖల్వత్ అనే మాట అనకుండానే ఖల్వత్ గురించి చెప్పింది. మా దగ్గర చదువుకున్న పిల్ల!

స్కార్ఫ్ గురించి ఆమె ఏం నిర్ణయించుకుందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. ఎన్.ఎస్.టి.ఎల్. దరఖాస్తు కోసం వివరాలు రాసుకున్న కాగితం మాత్రం ఆమె సంచిలో ఉంది. నౌకాదళం కాగితాలూ అందులోనే ఉన్నాయి.

పోయిన వారం పిలుపు వచ్చింది. ఎంపిక పరీక్ష విశాఖపట్నంలోనే, ఐదు రోజులు. మెకానిక్ గారు సైకిల్ మీద మా ఇంటికి వచ్చి ఆ కాగితం చూపించారు. చేతులకు గ్రీజు అంటి ఉంది కనుక అంచు పట్టుకుని చూపించారు. పంపుతారా అని అడిగాం. దానికి సూటిగా జవాబివ్వలేదు. మన నేవీ మిత్రుడి ఇంటి నుంచి మస్జిదు ఎంత దూరమని అడిగారు. నడిచి వెళ్లవచ్చన్నాం.

“ఐదు రోజులు షాపు మూసేస్తాను. లోపలికి నన్ను రానివ్వరు కదా, గేటు దాకా పోతాను. ఆ రాత్రి బండి విశాఖ చేరేసరికి ఫజ్ర్ దొరుకుతుందా ఉస్తాద్, లేక రైల్లోనే చేసుకోవాలా?” అన్నారు.